మిరపకాయల కన్నీళ్ళు

నిన్న ఉదయం గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. మూకుడు కాస్త ఎక్కువ వేడెక్కినట్టుంది, ఘాటు గుప్పున లేచి ఇల్లంతా పాకింది. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన దగ్గుతూ వచ్చి, నా ముఖం చూసి, ఏడుస్తున్నావా అని అడిగారు. అదేం లేదని చెప్పబోయి ఆగిపోయాను. సింకు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. అలా కడుక్కుని చూసుకోవడం నాకు సంతోషమ్మ టీచరు నేర్పింది. ఆవిడ పోయి చాలాకాలమైంది. మిరపకాయల ఘాటు మాత్రం ఆవిడను తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెడుతుంది.

గుంటూరు నుంచి బస్సులో గంటన్నర వెళితే మా ఊరు. చుట్టూ పత్తి, మిరప చేలు. మావాళ్ళంతా ఆ చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళే, ఆదివారం మాత్రం తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో కూర్చునేవాళ్ళే. సంతోషమ్మ టీచరు ఊరి బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది, ఆదివారాలు మాకు బైబిలు పాఠం చెప్పేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఊరికే నవ్వేది. ఎవరైనా గొప్పగా ఒక మాట అంటే చాలు, కళ్ళజోడు పైకి తోసి "నిజంగానా?" అనేది. అందులో వెటకారం ఉండేది కాదు. కూరగాయల బండి దగ్గర వంకాయ తిప్పి చూసుకున్నంత మామూలుగా అడిగేది. అయినా ఆ మాటకు మా ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళు తడబడేవాళ్ళు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో, పై ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి సాయంత్రం కూటం పెట్టారు. ఆడవాళ్ళంతా చేలనుంచి నేరుగా వచ్చి చాపల మీద కూర్చున్నారు. ప్రార్థన మొదలైంది. చెమట పట్టిన ముఖాలను అందరూ చేతులతో తుడుచుకున్నారు. పగలంతా కాయలు కోసిన చేతులవి. ఇంకేముంది, చర్చి చర్చంతా ముక్కులు ఎగబీల్చడం, వెక్కడం. పాపం ఆ ప్రసంగీకుడు పొంగిపోయారు. ఇంత పశ్చాత్తాపం తానెక్కడా చూడలేదని, ఈ ఊరి గురించి ప్రతిచోటా చెబుతానని అన్నారు. మా పాస్టరుగారు తన బైబిలు పేజీలు తిప్పసాగారు. సంతోషమ్మ టీచరు లేచి, "అయ్యగారూ, చాలామటుకు మిరపకాయల కన్నీళ్ళండి. నావీ అంతే. చేతులు కడుక్కొచ్చాక ఆగకపోతే అప్పుడు లెక్కేసుకోవాలండి" అంది. ఆయన ఒక్క క్షణం నివ్వెరపోయి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వారు. అందరూ బోరింగు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ ప్రార్థనకు కూర్చున్నారు. ఆ రెండో ప్రార్థన చాలా నిశ్శబ్దంగా జరిగింది.

ఇంటర్ చదువుతుండగా నేను బాప్తిస్మానికి పేరిచ్చాను. నీళ్ళలోకి దిగేముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. మా ఊళ్ళో సాక్ష్యమంటే సంఘపెద్ద యోహాను తాతదే. ఒకప్పుడు తాగి, పేకాడి, ఇంట్లో ఇత్తడి బిందెలు కూడా అమ్ముకున్న మనిషి మారిన కథ అది. వినడానికి ఎంతో బాగుండేది. బాప్తిస్మం పుచ్చుకునే పిల్లలమంతా దాన్నే బట్టీ పట్టేవాళ్ళం. టీచరు దగ్గర ఒప్పజెప్పేటప్పుడు నేను కళ్ళు మూసుకుని, తాగుడుకూ పేకాటకూ బానిసనై లోకంలో తిరిగానని మొదలుపెట్టాను. టీచరు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏ కొట్లో తాగావే ఎస్తేరూ?" అని అడిగింది. నవ్వు ఆపుకున్నాక మెల్లగా అంది. "అవి యోహాను తాత పాపాలు. ఆయనవి ఆయనకుండనీ. పెద్దపెద్దవి అరువు తెచ్చుకుంటే మనవి కనపడవు. నీ లోపలేముందో చూసుకుని రా."

వారమంతా చూసుకున్నాను. చెప్పుకోదగ్గ ఘోరమేదీ దొరకలేదు. దొరికింది వేరే. అది పాపమో కాదో కూడా నాకు తెలియలేదు. భయపడుతూనే వెళ్ళి చెప్పాను. ప్రార్థన చేస్తుంటే ఒక్కోసారి గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటుందని, అవతల వినేవారున్నారా అని అనిపిస్తుందని. టీచరు తిట్టలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మరి ప్రార్థన ఎందుకు మానలేదని అడిగింది. మానబుద్ధి కాలేదన్నాను. ఆ రెండు మాటలే చెప్పమంది.

మిరపనారు నాటే రోజుల్లో, ఆదివారం నాడు బాప్తిస్మాలు. అమ్మ నాకోసం తెల్లచీర కొంది. పది ఊళ్ళకు కబురు పెట్టినంత సంబరంగా ఉంది. నేను నిలబడి ఆ రెండు మాటలూ చెప్పాను. యోహాను తాత లేచి, కోపం లేకుండానే అన్నాడు. "ఇంత అనుమానమున్న పిల్లకి ఇప్పుడే ఎందుకయ్యగారూ? ఇంకో ఏడాది ఆగితే సరిపోద్ది గదా." పాస్టరుగారు తల ఊపబోతున్నారు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల వంచేసుకుంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు సంతోషమ్మ టీచరు చాప మీద నుంచి లేచింది. ఆ పెద్ద గొంతు ఆ రోజు చిన్నగా పలికింది.

"అయితే నన్ను కూడా ఆపండయ్యగారూ. నాకూ అట్టాగే అనిపిస్తది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను గానీ, ఈ మాట ఎవరికీ చెప్పలా. ఈ పిల్ల నోటెంట విన్నాక సిగ్గేసింది."

బడిలోనూ చర్చిలోనూ ఊరంతా గౌరవించే మనిషి. తన పరువంతా తీసి నా పక్కన పెట్టేసింది. యోహాను తాత తలపాగా తీసి, మళ్ళీ చుట్టుకుని, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, తాగుడు మానిన తర్వాతి సంగతులు తననెవరూ అడగలేదని, అడిగితే తనూ ఇదే చెప్పేవాడినని గొణిగి కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, అమ్మ కూడా. మధ్యాహ్నం కాలవ నీళ్ళు కట్టేస్తారు, త్వరగా నడవండని పాస్టరుగారు తొందరపెట్టారు.

కాలవలో టీచరు మోకాలిలోతు దిగి నా చెయ్యి పట్టుకుంది. నేను మునిగి లేచేసరికి ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. చేతులు కడుక్కున్నారా టీచర్ అని అడిగాను. "కాలవలోనే ఉన్నాను గదే" అంది.

ఇప్పుడు గుంటూరు చర్చిలో బాప్తిస్మం తీసుకునే పిల్లల సాక్ష్యాలు నేనే వింటున్నాను. బట్టీ పట్టినవి వినగానే తెలిసిపోతాయి. నిజంగానా అని అడుగుతాను. అడిగే ముందు ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోవాలి, అదే కష్టం. ఆవిడంత హాయిగా నవ్వడం ఇంకా పూర్తిగా రాలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు ఇప్పటికీ ఒక్కోసారి ఉంటుంది, ప్రార్థన ఇప్పటికీ మానలేదు.

నిన్న చేతులు తుడుచుకుని కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మా ఆయన మళ్ళీ వచ్చి, ఘాటు తగ్గిందా అని అడిగారు. తగ్గిందన్నాను. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.