సినిమాలో చచ్చిన మా మామ

మా మేనమామ యుద్ధంలో పతకం తెచ్చుకున్న సిపాయి. రిటైరై, తమిళ సరిహద్దులో ఉన్న తళి అనే మా ఊరి దగ్గర బీన్సు పండించుకుంటుంటే, షూటింగుకు వచ్చిన తమిళ సినిమావాళ్ళు ఆయన మీసం చూసి మనసు పారేసుకున్నారు. అప్పటి నుంచి మామ నటుడు. అత్త ఒకే షరతు పెట్టింది: "తన్నులు తిను, కాళ్ళు పట్టుకో, ఏమన్నా చేసుకో. సినిమాలో మాత్రం చావగూడదు."

నాలుగు సినిమాల్లో మాట నిలబెట్టుకున్నాడు. ఐదో దాంట్లో ఊరి పెద్ద వేషం, పేజీల కొద్దీ డైలాగులు, చివర్లో చావు. మామకు నోరూరింది. అత్తకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నన్నే నమ్మాడు, ఏం చేస్తాం!

సీను కోసం సినిమావాళ్ళు తళి బస్టాండు గోడలకు మామ బొమ్మతో 'కన్నీటి అంజలి' పోస్టర్లు అంటించారు. మా వైపు పోస్టరు పడితే మనిషి పోయినట్టే లెక్క. బస్సులో పోతున్న చుట్టం ఒకడు ఫోటో తీసి, మా చుట్టాలుండే మత్తూరుకు పంపాడు. మధ్యాహ్నానికల్లా మత్తూరు బంధువులంతా పూలమాలలతో, పలక డప్పులు వాయించేవాళ్ళతో టెంపో దిగి, ఇంటి ముందు గుండెలు బాదుకున్నారు.

"యాడ పెట్టినారమ్మా మా అన్నను?"

అత్త నా వైపు చూసింది. "సినిమా అత్తా! ఆడ, బడి కాడ షూటింగు!" అని అరిచాను. పలకల మోతలో ఆమెకు ఏం వినిపించిందో, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. వెనకే నేను.

బడి ముందు పాడె మీద మామ. నుదుట రూపాయి బిళ్ళ, ముక్కులో దూది. కెమెరా తిరుగుతోంది. "ఏమయ్యా!" అని అత్త ఒక్క కేక పెట్టింది. శవం లేచి కూర్చుంది. ఏడవడానికి కూలికి వచ్చిన ఆడవాళ్ళు నిజంగానే జడుసుకుని కకావికలయ్యారు. తూటాలకు వెన్ను చూపని మనిషి, పాడె దిగి బీన్సు తోటలో పడి పరుగో పరుగు! ఆయన వెంట అత్త, అత్త వెంట డైరెక్టరు, ఆ వెనక మాలలతో చుట్టాలు, ఏం జరుగుతోందో తెలియక వాయిస్తూనే పలకలవాళ్ళు. నవ్వు ఆపుకోలేక నేను గట్టు మీద కూలబడ్డాను.

తోట చివర కంచె అడ్డొచ్చి మామ ఆగాడు. నేనూ లేచి అక్కడికి చేరుకున్నాను. తంతుందనుకున్నాను. అత్త రెండు చేతులా ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. యుద్ధం రోజుల్లో కూడా ఆమె ఏడవగా చూడలేదని మా అమ్మ అంటుంది.

"ఆ యుద్ధం నుంచి నువ్వు బతికొచ్చినావని నమ్మేదానికే నాకు శానా ఏండ్లు పట్టింది," అంది. "మళ్ళా మొదట్నుంచి నమ్మమంటావా?"

మామ ముక్కులో దూది తీయడం కూడా మరిచిపోయి, వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు.