తిరువూరు నుంచి విజయవాడకు: తప్పిపోయిన ఢీల వేట

నా మనవరాలు హిమజ ఎమ్మెస్సీ ప్రాజెక్టు సమీక్ష మధ్యాహ్నం రెండింటికి, విజయవాడలో. వెలిగే ట్యూబులైటులో ఉండే వాయువు లాంటిదాన్ని ప్లాస్మా అంటారు. అందులోకి వేగంగా వదిలిన ఎలక్ట్రాన్లు ఇతర కణాలను ఢీకొంటూ ఎలా నెమ్మదిస్తాయో ఆమె కంప్యూటర్లో లెక్కగట్టింది. అసలు ప్రయోగంలో కంటే ఆమె ఎలక్ట్రాన్లు చాలా ఆలస్యంగా నెమ్మదిస్తున్నాయి. కారణం చెప్పలేకపోతే ప్రాజెక్టు మళ్ళీ మొదటినుంచి చేయాలి. లెక్కల టీచరుగా రిటైరయినదాన్ని, ఇంట్లో కూర్చోలేక వెంట బయలుదేరాను.

ఉదయం ఎనిమిదికి తిరువూరులో ఎక్స్‌ప్రెస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. బయలుదేరేటప్పుడు బస్సులో ఉన్నవాళ్ళను లెక్కపెట్టాను, నలభై ఒక్కరు. తరవాత తల వంచి హిమజ ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాను. మైలవరంలో మళ్ళీ లెక్కపెడితే నలభై ఒక్కరే.

"మధ్యలో ఒక్కరూ ఎక్కలేదు, నీకు పనే లేదయ్యా," అన్నాను కండక్టరుతో.

"భలేవారే మామ్మగారూ. ఎ.కొండూరులో ఆరుగురు దిగారు, ఆరుగురు ఎక్కారు. ఎక్కి మధ్యలోనే దిగిపోయినవాళ్ళు ఇంకో నలుగురు. మీరు ఇక్కడ తలెత్తి చూస్తే వాళ్ళెలా కనబడతారు?"

హిమజ నవ్వింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది.

"నీ కంప్యూటరు ఎంతసేపటికోసారి తలెత్తి చూస్తుందే?"

"ఒక్కో స్టెప్పుకి, అంటే కాలంలో ఒక్కో చిన్న ముక్కకి, ఒకసారి అమ్మమ్మా. ఎలక్ట్రాన్ ఢీకొందా లేదా అని."

"ఆ కాసేపట్లో మూడుసార్లు ఢీకొంటే?"

"ఒకటే రాస్తుంది," అని ఆగిపోయింది. "అయ్యో. స్టెప్పు పెద్దదైపోయింది."

దాన్ని పదో వంతు చేసి, కొద్ది కణాలతో నడిపింది. ఇబ్రహీంపట్నం దాటేసరికి ఎలక్ట్రాన్లు ప్రయోగంలోలాగే చకచకా నెమ్మదించడం మొదలుపెట్టాయి. హిమజ గంతులేయబోయింది.

"స్టెప్పును ఇంకా సగం చేసి చూడు. అప్పుడూ జవాబు మారకపోతేనే నమ్ము," అన్నాను.

"ఎక్కడికెళ్ళినా హోంవర్కేనా?" అని గొణిగి, చేసింది. మారలేదు.

పదిన్నరకు విజయవాడ చేరాం. కాలేజీ లైబ్రరీలో అన్ని కణాలతో లెక్క నడిచి ముగిసేసరికి ఒంటిగంట. పులిహోర పొట్లం విప్పే తీరిక కూడా హిమజకు లేకపోయింది. సమీక్షలో పాత లెక్క గ్రాఫును దాచకుండా, పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపించి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది. ఆమోదించారు.

ఆమె రాసిన సూత్రాల్లో నేనెంత వెతికినా దొరకని పొరపాటు, బస్సులో నా లెక్క తప్పని కండక్టరు చెప్పాకే దొరికింది. ఈ వయసులో అందుకు నాకేమీ చిన్నతనం అనిపించలేదు. మీకొక సలహా: మధ్యాహ్నం పని ఉన్నా పొద్దున్న బస్సే ఎక్కండి. దారిలో తప్పు బయటపడితే, దిద్దుకోవడానికి ఒక పూట మిగులుతుంది.