మెడ మాత్రమే కుట్టిన మనిషి

మా రాజపాళయంలో ఈ కథని ఇట్ల చెప్తారు. నైటీలు కుట్టే ఒక పేదామె ఒక మంచి సినిమా చూసింది. అందులో హీరోయిన్ పేదరికంలోంచి పైకి వచ్చేది చూసి ఏడ్చింది. ఇంటికి వచ్చి కండ్లు తుడుచుకొని తానూ పైకి వచ్చింది. వీధి చివర టీ అంగడాయన ఇది చెప్పేటప్పుడు ఆయన కండ్లు కూడా తడుస్తాయి. మా ఆడబిడ్డ అయితే పెండ్లి పందిట్లో పక్కన కూర్చున్న వాళ్ళకంతా చెప్తుంది, అడిగినా అడగకపోయినా.

నేను ఒప్పుకోను. ఆ సినిమాకి నేనూ పోయినాను, ఆమె పక్క సీట్లోనే కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను. ఆమె సినిమాతో పోట్లాడింది.

ఆమె మా వెనక వీధి మనిషి. ఈ అరవ ఊర్లో వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే. అయినా వాళ్ళు కూలికి పోయేవాళ్ళు, మేము కూలికి పిలిచేవాళ్ళము. ఆ ఎడం యాడ నుంచి వచ్చిందో ఊర్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విడిచి చెప్పరు. మొగుడు లారీకి లోడు ఎత్తబోయి నడుము పోగొట్టుకొని ఇంట్లో కూర్చున్నాడు. ఒకటే కూతురు, అప్పటికి పదో క్లాసు. ఈమె రోజూ పొద్దున తళవాయిపురం బస్సెక్కి పోయి అక్కడ ఒక నైటీ యూనిట్లో కుట్టి దీపాలు పెట్టే వేళకి వచ్చేది. తళవాయిపురంలో కుట్టిన నైటీలు ఎన్ని ఊర్లకు పోతాయో ఎవరికి తెలుసు. ఇది చదివే మీరు తొడుక్కొని ఉండేది కూడా అక్కడిదే అయి ఉండొచ్చు.

పదో క్లాసు ముగిస్తూనే ఆ పాపని స్పిన్నింగ్ మిల్లుకి పంపించాలని మొగుడి అన్నదమ్ములు తీర్మానం చేసేసినారు. మిల్లు హాస్టల్లో ఉండేది, షిఫ్టుకి పోయేది, చదువు అంతటితో సరి. ఈమెకి అది ఇష్టం లేదు. ఇష్టం లేదంటే వినేది ఎవరు? ఇంట్లో ఒక మిషను ఉండి, సొంతంగా ఆర్డర్ పట్టి కుడితే, పాపని ప్లస్ వన్, అంటే మీ ఇంటర్, చేర్చొచ్చు. ఆమెకి కావలసింది అదొక్కటే, దానికి ఉండేది ఒక్క ఏడాదే.

ఒక ట్రస్టు వాళ్ళు ఆడవాళ్ళకి కుట్టు మిషను ఇస్తామని నోటీసు వేసినారు. దరఖాస్తు రాసియ్యమని నా దగ్గరికి వచ్చింది. నేను బీకాం, ఒక స్కూల్ ఆఫీసులో గుమాస్తాని. ఊరోళ్ళకి దరఖాస్తులు రాసిచ్చేది నా పని కాదు, నా జబ్బు.

"ఎన్నేండ్లుగా కుడుతున్నావు?" అన్నాను.

"పదకొండేండ్లు అక్కా."

పదకొండు సంవత్సరాల అనుభవం ఉన్న టైలర్ అని మంచి అరవంలో, కండ్లకు అద్దుకునేట్టు రాసిచ్చినాను. ఆమె చదవకుండానే సంతకం పెట్టింది. చదువుకున్నామె రాసింది కదా, తప్పు ఉంటుందా?

ఆడి నెలలో, ఆషాఢం గాలి దుమ్ము ఎత్తుకొని పోయే రోజుల్లో, పరీక్షకి పిలిచినారు. గుడ్డ, టేపు, కత్తెర ఇచ్చి ఒక నైటీ కత్తిరించి కుట్టి చూపించమన్నారంట. ఆమె టైము అయ్యేదాకా ఆ గుడ్డని చూస్తూ కూర్చొని, దాన్ని చక్కగా మడత పెట్టి ఇచ్చేసి వచ్చింది. సాయంత్రం మా వాకిట్లో నిలబడింది.

"ఏమే, నైటీ కుట్టేది రాదా నీకు?"

"మెడ వస్తుంది."

"మెడ అంటే?"

"మెడ అంటే మెడ అక్కా. నేను మెడ."

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే తెలిసింది. ఆ యూనిట్లో నైటీ కుట్టే మనిషి అని ఎవరూ లేరు. కటింగ్ మాస్టర్ ఒకాయన గుడ్డలు దొంతరగా పేర్చి, పైన కొలతల అట్ట పెట్టి ఒకేసారి కోసి పారేస్తాడు. ఆ తర్వాత ఒకామె మెడ కుడుతుంది, ఒకామె చేతులు, ఒకామె పక్కలు, ఒక చిన్న పిల్ల అంచు. పేర్లతో పిలిచేదే లేదు. "మెడ వచ్చిందా? చేయి రాలేదా? పక్కలకి జ్వరమంట, రేపు అంచు లీవు" అని పిలుచుకుంటారు. ఇట్ల అయితే వేగం ఎక్కువ అని యూనిట్ ముదలాళి, అంటే ఓనరు, చెప్తాడంట. ఇంకొకటి కూడా ఉంది, అది ఆయన చెప్పడు, నేను చెప్తాను: ఇట్ల అయితే ఎవరూ యూనిట్ విడిచి యాడికీ పోలేరు. పదకొండేండ్లుగా కుడుతున్న మనిషికి తన కూతురికి ఒక నైటీ కుట్టిచ్చేది చేతకాదు.

ఆ దరఖాస్తులో తప్పు నాది. రెండో ప్రశ్న అడగలేదు నేను. ట్రస్టు వాళ్ళు మంచోళ్ళు, ఆరు నెలలు పోయినంక ఇంకోసారి రమ్మన్నారు.

ఇప్పుడు సినిమాకి వస్తాను. ఆయుధ పూజకి యూనిట్లో మిషన్లు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బొరుగులు పంచి, ఆ మధ్యాహ్నం అందరినీ సినిమాకి తీసుకొని పోయేది ముదలాళి అలవాటు. ఆ ఏడు టికెట్ ఒకటి మిగిలితే ఈమె నన్ను పిలిచింది. కథ ఏమంటే, పట్నం గుడిసెల్లో ఒకామె పాత సామాన్ల అంగట్లో విరిగిన కుట్టు మిషను కొంటుంది, బాగు చేసుకుంటుంది, ఒక పాట వస్తుంది, పాట ముగిసేటప్పటికి నూరు మిషన్ల ఫ్యాక్టరీకి రిబ్బన్ కత్తిరిస్తుంది. బాగానే తీసినారు. ఆమె మొదటిసారి ఆ మిషను చక్రం మీద చేయి పెట్టినప్పుడు నా కండ్లు నిండినాయి, దాచేది ఎందుకు.

పక్క నుంచి మోచేయి తగిలింది.

"అక్కా, చూడు. మెడ కుట్టింది."

"ఊఁ."

"ఇప్పుడు చేయి కుడుతుంది."

"కుట్టనీ."

"చేయి ఎవరు నేర్పించినారు ఆమెకి?"

ముందర సీట్లో మనిషి తిరిగి చూసింది. "సినిమా చూడే," అన్నాను.

"సినిమానే చూస్తున్నాను. కత్తెర కూడా ఆమే వేసింది. అంచు కూడా ఆమే మడిచింది. ఇంత పాట అయ్యేదాకా ఆ ఇంట్లో వంట ఎవరు చేసినారు?"

ముందరామె మళ్ళీ తిరిగింది. ఈసారి ఆమెకి కూడా జవాబు కావలసినట్టు ఉంది.

ఇంటర్వెల్లో బయట నిలబడి ఉంటే, యూనిట్లో చేతులు కుట్టే పెద్దమ్మ బొరుగులు నములుతూ వచ్చింది. అరవై దగ్గర ఉంటాయి, సేత్తూరు మనిషి, మాటకి మాట తూకం వేసి ఇచ్చే రకం. మా మెడ నేరుగా పోయి ఆమెనే అడిగింది.

"పెద్దమ్మా, నాకు చేయి చూపిస్తావా?"

"దేనికి? నువ్వు మెడ కదా. మెడ మెడ చోటే ఉండాల."

"ఆ సినిమాలో ఆమెకి అన్నీ వస్తున్నాయే."

"ఆమెకి డైరెక్టర్ ఉన్నాడు. నీకు సూపర్వైజర్ ఉన్నాడు," అని ఇంకో గుప్పెడు నోట్లో వేసుకొని, నమిలి మింగి, "రేపు బువ్వ తొందరగా తిను," అనింది.

సినిమా చేసిన మేలు అంటే ఇంతే, దీన్ని మాత్రం ఒప్పుకుంటాను. దాంట్లో ఏమి చూపించలేదో అది ఆమె కంటికి పడింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం సూపర్వైజర్ బయట తినేదానికి పోయిన ఆ అరగంటలో నలుగురూ సీట్లు మార్చుకున్నారు. మెడ పోయి చేయి దగ్గర కూర్చుండేది, అంచు పిల్ల పక్కల దగ్గర. నేర్పించే పని ఎవరూ ఎప్పుడూ చేసినది లేదు, తిట్టుకుంటూ నేర్చుకున్నారు. బస్సులో కూడా ఈమెకి అదే పని. ఇంటి నుంచి తెచ్చిన పాత నైటీ ఒకటి కుట్లు విప్పి ముక్కలు చేసి, సూదీ దారంతో మళ్ళీ జోడించేది, మళ్ళీ విప్పేది. కండక్టర్ "ఏమక్కా, రోజూ అదే నైటీనా?" అని ఎగతాళి చేస్తే, "నీదీ రోజూ అదే రూటే కదా," అనిందంట. ఇట్లాంటివాళ్ళని చూస్తే నాకు నా డిగ్రీ కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది.

ఒక రోజు దొరికిపోయినారు. చేతికి ముందర వైపు వంపు ఎక్కువ, వెనక తక్కువ. ఈమె ఆ అరగంటలో కుట్టినవి ఒక కట్ట మొత్తం ముందరది వెనకకి పెట్టి కుట్టేసింది. తొడుక్కుంటే రెండు చేతులూ వీపు వైపు లాగుతాయి. సూపర్వైజర్ ఒకటి తీసి తన చొక్కా మీదనే తొడుక్కొని, యూనిట్ నడుమ నిలబడి, రెక్కలు కట్టిన కోడి మాదిరి అందరికీ చూపించినాడంట. నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు.

"ఎవరి పని ఇది?"

ఈమె లేవబోయింది. అంతకు ముందే పెద్దమ్మ చేయి ఎత్తింది. "నాదే. కన్ను మసకగా ఉంది."

ఆమె కంటికి ఏ మసకా లేదు. బస్టాండులో ఆ చివర మలుపు తిరిగే బస్సు బోర్డు ఈ చివర నుంచి చదివే మనిషి. అయినా ఆ మాటకి ఆమెని మిషను మీద నుంచి దించి, నేల మీద కూర్చోబెట్టి, దారపు కొసలు కత్తిరించే పని ఇచ్చినారు. అది కొత్తగా చేరిన పిల్లల పని. కూలీ కూడా పిల్లల కూలీనే. ఆ సాయంత్రం ఈమె పోయి నిజం చెప్పేస్తానంటే, పెద్దమ్మ కసిరిందంట. "చెప్పు. ఇద్దరమూ నేల మీద కూర్చుందాము. పరీక్షకి మన ముదలాళి పోతాడు."

కుట్టేది వచ్చింది, కత్తెర మిగిలింది. కటింగ్ మాస్టర్ తన అట్టలు బీరువాలో పెట్టి తాళం వేసుకొని పోయే మనిషి. ఊర్లో టైలరింగ్ క్లాసులు ఉన్నాయి, చేర్పిస్తానన్నాను, ఈమె బస్సు దిగేటప్పటికి వాళ్ళు తలుపు మూసేస్తారు. పరీక్షకి ఇంక నాలుగు ఆదివారాలే ఉన్నాయి. నేను దిక్కు తోచక కోపంగా ఉన్నాను. నాకు దిక్కు తోచకపోతే కోపమే వస్తుంది.

ఆ ఆదివారం మా ఇంటికి ఈమెతో పెద్దమ్మ కూడా వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, హాల్లో నేల మీద కూర్చొని, "పాత పేపర్లు ఉన్నాయా పాపా?" అని నన్ను అడిగింది. ఇచ్చినాను. రెండు పేపర్లు అతికించి, నాలుగు మడతలు పెట్టింది. టేపు తీసుకోలేదు. జానతో ఈమె భుజం కొలిచింది, పేపర్ మీద గోటితో గీటు పెట్టింది, మా ఇంటి కత్తెర తీసుకొని ఎక్కడా ఆగకుండా కోసింది. విప్పితే నైటీ. మెడ వంపు, చంక వంపు, ముందరికి ఒకటి వెనకకి ఒకటి, అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఫ్యాన్ గాలికి పేపర్ లేస్తుంటే దాని మీద నా పప్పు డబ్బా పెట్టింది.

ఈమె డబ్బా పక్కకి తీసి, ఆ పేపర్ ఎత్తి తన భుజాలకి ఆనించి చూసుకుంది.

"పెద్దమ్మా, నీకు కటింగ్ కూడా తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పెండ్లికి ముందర నుంచి. పేపర్ పట్టుకో, మాటలు ఎందుకు."

నాలుగు ఆదివారాలు మా హాలంతా పేపర్ నైటీలే. మా ఆయన ఆ నెలంతా వార్తలు ముక్కలు ముక్కలుగా చదివినాడు. శివరాత్రి వచ్చే మాసి నెలలో ఈమె రెండోసారి పరీక్షకి పోయింది. అంచు కొంచెం వంకర పోయిందంట, చేతులు సరిగ్గా కూర్చున్నాయంట. పరీక్ష పెట్టినామె మెడ దగ్గర ఆగి, వేలితో తడిమి చూసి, "ఈ మెడ నువ్వే కుట్టినావా?" అని అడిగిందంట. మిషను వచ్చింది. ఒక స్కూల్ యూనిఫారం ఆర్డర్ వచ్చింది, ఆ తర్వాత ఇంకో రెండు మిషన్లు. మొగుడు ఇంట్లో కూర్చొని గుండీలు కుడతాడు, బాగానే కుడతాడు. అంచు పిల్ల కూడా ఇక్కడికే వచ్చేసింది. పాప ప్లస్ వన్ కామర్స్ చేరింది. సైన్స్ తీసుకోమని నేను చెప్తే, ఎందుకు తీసుకోకూడదో నాకే గంట సేపు చెప్పింది. వాళ్ళమ్మ బిడ్డే.

ఈ మెప్పు అంతా యూనిట్లో ఆ నలుగురికీ సమంగా పోవాలని నేను వాదిస్తాను, టీ అంగడాయన వినడు. సినిమా అయితే ఆయనకి సులభం. అందులో ఒక మనిషే ఉంటుంది.

పెద్దమ్మని మాత్రం ఈమె ఎంత పిలిచినా రాలేదు. "మా ఇంటికి వచ్చి మాస్టర్‌గా ఉండు, నేను నీ కింద కుడతాను," అనింది. రానంది. మరుసటి ఏడు దీపావళి ఆర్డర్ల ఒత్తిడిలో యూనిట్లో చేయి కుట్టేదానికి మనుషులు చాలక, ఆమెని మళ్ళీ మిషను ఎక్కించినారు. ఇప్పటికీ అక్కడ చేతులే కుడుతుంది. పోయిన నెల బస్టాండులో కనిపిస్తే నేను పట్టుకున్నాను.

"పెద్దమ్మా, నీకు మొత్తం తెలుసు. కత్తెర కూడా తెలుసు. ఆ నోటీసు నువ్వూ చూసినావు. నువ్వు ఎందుకు పోలేదు?"

"సేత్తూరు బస్సు వచ్చేసింది పాపా," అనింది. నిజంగానే వచ్చింది, ఎక్కి పోయింది.

భయం అంటారు మా ఆడబిడ్డ లాంటివాళ్ళు. భయపడే మనిషి సూపర్వైజర్ ముందర చేయి ఎత్తుతుందా? వయసు అంటారు. ఆమె ఆ యూనిట్లో చేరినప్పుడు వయసు ఉందే. ఇంటివాళ్ళు వద్దన్నారేమో అని నేనూ అనుకున్నాను, విచారించినాను, వద్దనేదానికి ఇంట్లో ఎవరూ లేరు. మనిషికి మొత్తం నైటీ చేతిలో ఉండి, ఇంకొకరికి ఒక్క మాటకి ఎత్తి ఇచ్చేసి, తాను మాత్రం అన్నేండ్లు చేయి దగ్గరే ఎందుకు ఆగిపోయింది?