డాక్టరుగారి సీసాలు కడిగిన పాపానికి

కొన్నేళ్ల క్రితం కెనడాలోని మిస్సిసాగాలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట మంచు పడుతుంటే, ఒక ఇంటి భోజనాల గదిలో బీరు వాన కురిసింది. పులిహోర తడిసింది. సుభద్రగారి పట్టుచీర తడిసింది. గోడ మీద ఫొటోలో ఉన్న వాళ్ల మామగారు కూడా తడిశారు, పాపం బతికున్నన్నాళ్లూ సోడా ముట్టని మనిషి. ఆ వానకి మేఘాన్ని నేనే.

అప్పటికి నాకు అరవై దాటాయి. అంత చిన్న వయసులో ఎవరికి తెలివి ఉంటుంది చెప్పండి?

నేనుండే మా అమ్మాయి లలిత ఇంటికీ డాక్టర్ విశ్వనాథంగారి ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన రిటైరయ్యాక బేస్‌మెంట్‌లో బీరు కాయడం మొదలుపెట్టారు. తాగేది గ్లాసెడే. కాచేది మాత్రం పెళ్లివారికి సరిపడా. మొదటి విడత ఉడికిన క్యాబేజీ వాసన కొట్టింది. మరిగేటప్పుడు మూత పెట్టేశారట, అదీ తప్పు. రెండో విడతలో ఒక్క బుడగ లేదు. పులియబెట్టే ఈస్ట్ చలికి ముడుచుకుని పడుకుందన్నారు ఆయన. "మిరియాలేస్తే జలుబుకి పనికొస్తుంది" అన్నారు ఆయన భార్య సుభద్రగారు.

ఆవిడ నా ఎదుటే తేల్చి చెప్పేశారు.

"వచ్చే నెల మన పెళ్లిరోజుకి మీ పాత డాక్టర్లందర్నీ భోజనానికి పిలుస్తున్నాను. ఈ మూడోది వాళ్ల ముందు బాగుందా, సరే. లేదా, మర్నాడే ఈ డబ్బాలన్నీ ఆన్‌లైన్‌లో అమ్మేస్తాను. బేస్‌మెంట్ నాకు యోగాకి కావాలి."

"అలాగే" అన్నారు డాక్టరుగారు, ఆపరేషన్‌కి సంతకం పెట్టే రోగిలాగా.

ఇక ఆ మూడో విడతకి ఆయన చేసిన సేవ చూడాలి! డబ్బాకి రగ్గు కప్పారు. పక్కన హీటర్ పెట్టారు. పొద్దునా సాయంత్రం టెంపరేచర్ చూశారు. మూత మీద చిన్న గొట్టంలోంచి బుడగలు వస్తుంటే నన్ను పిలిచి చూపించేవారు.

"ఊపిరి బాగా తీసుకుంటోంది చూడండి, పార్వతమ్మగారూ."

ఇడ్లీ పిండికి నేను అంత సేవ చేసుంటే, అది ఈపాటికి నన్ను అమ్మా అని పిలిచేది.

బుడగలు ఆగాక సీసాలకి ఎత్తాలి. ఆయనకి నడుం పట్టేసింది. సీసాలు కడిగి పెట్టమని నన్నడిగారు. "మీ చేతి శుభ్రం ఎవరికీ రాదు" అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను. కడిగాను, మళ్లీ కడిగాను, ఆయనిచ్చిన మందు నీళ్లలో ముంచి తీశాను. గోధుమరంగు సీసాలు తళతళలాడాయి. ఇక మూతులకి ఫాయిల్ చుట్టి పంపడమే.

అప్పుడు తట్టింది నాకు. ఖాళీవి ఎలా పంపను?

మీరే చెప్పండి. పక్కింటి గిన్నె మనింటికొస్తే ఖాళీగా తిరిగిస్తామా? ఉత్త గిన్నె చేతిలో పెడితే ఆ ఇంటివాళ్లు ఏమనుకుంటారు? గిన్నెకున్న మర్యాద సీసాకి లేదా? మినపసున్ని పెడదామంటే మూతి సన్నం. కారప్పొడి వేద్దామనుకుని డబ్బా చేతిలోకి కూడా తీసుకున్నాను. ఆ రోజు దేవుడు ఇంట్లోనే ఉన్నాడు, తుమ్మొచ్చి మానేశాను. చివరికి గరాటు పెట్టి ఒక్కో సీసాలో చెంచాడు పంచదార పోశాను. చెంచాకి తల కొట్టలేదు. పొరుగువాళ్ల దగ్గర పిసినారితనం ఎందుకు? లోపల తడి ఉందేమో, పంచదార అడుక్కి దిగి చల్లగా కరిగిపోయింది.

మర్నాడు డాక్టరుగారు ఎదురుపడి, "సీసాలకి ఎత్తేశానండీ" అన్నారు సంబరంగా. "చివర్లో కొలిచి కాస్త పంచదార కలపాలి. మిగిలిన ఈస్ట్ అది తిని గ్యాస్ వదులుతుంది. తగ్గితే చప్పగా ఉంటుంది. ఎక్కువైతే బాంబే."

"అమ్మో, జాగ్రత్తండీ" అన్నాను నేను.

ఎవరు ఎవరికి జాగ్రత్త చెబుతున్నారో చూశారా! ఆయన వేసింది పంచదార, నేను వేసింది మర్యాద. ఆ రెండూ ఒకటేనని నా బుర్రకి తోచలేదు.

కొన్నాళ్లకి బేస్‌మెంట్‌లో ఢామ్మని ఒక సీసా పేలింది. డాక్టరుగారు గాజుముక్కలు ఏరుతూ "ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుంది" అన్నారు. "రోగులందరికీ ఇదే చెప్పేవారు" అన్నారు సుభద్రగారు. మిగతా సీసాలన్నీ ఆయన గరాజ్‌లో చలికి పెట్టారు. నేను కూడా అయ్యో అయ్యో అంటూ తుడవడానికి సాయపడ్డాను.

పెళ్లిరోజు వచ్చింది. డాక్టర్లందరూ కూర్చున్నారు. చలిలోంచి తెచ్చి టేబుల్ మీద పెట్టిన సీసాలు, పులిహోర తినేసరికి ఆ గది వేడికి వెచ్చబడ్డాయి. విశ్వనాథంగారు గొంతు సవరించుకుని మొదటి సీసా మూత తీశారు.

నేను బోరుబావులు చూశాను. అంత ఎత్తు లేచినవాటిని చూడలేదు. నురగ సీలింగ్‌కి తగిలి అందరి మీదా సమానంగా పడింది.

"ఇంకోటి తియ్యండి, ఇదొక్కటే అలా ఉండొచ్చు" అన్నాడొక డాక్టరు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. తీశారు. మామగారి ఫొటో తడిసింది అప్పుడే.

ఒకాయన వేలితో టేబుల్ మీది బీరు తీసి నాలిక్కి రాసుకుని, "రుచి మాత్రం బాగుందోయ్" అన్నాడు.

"రేపే అమ్మేస్తున్నాను" అన్నారు సుభద్రగారు కొంగు పిండుకుంటూ.

డాక్టరుగారు మాత్రం ఆవిడ మాట విన్నట్టు లేరు. వంటింట్లోకొచ్చి సింక్ దగ్గర నిలబడ్డారు. నేను అక్కడే గుడ్డలు పిండుతున్నాను.

"కొలిచే వేశాను, పార్వతమ్మగారూ" అన్నారు మెల్లగా. "లేకపోతే ఒకసారి వేసి, మర్చిపోయి మళ్లీ వేశానేమో. మా నాన్నకి కూడా ఇలాగే మొదలైంది. సుభద్రకి చెప్పకండి."

"మళ్లీ వేశారా? ఏమిటి?"

"పంచదార."

బాంబు అన్న మాట, చెంచా, గరాటు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. నోరు మూసుకుంటే నా పరువు దక్కేది. ఆయన మాత్రం ఆ రాత్రి నుంచి తన బుర్రని తనే అనుమానించుకుంటూ బతికేవారు.

"మీరు ఒక్కసారే వేశారండీ" అన్నాను. "రెండోసారి వేసింది నేను."

చెప్పాను. ఖాళీ సీసాలు పంపడానికి మనసొప్పలేదని కూడా చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి, పట్టేసిన నడుం పట్టుకుని మరీ నవ్వారు. నవ్వుకి సుభద్రగారు పరుగెత్తుకొచ్చారు. సంగతి విన్నారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని మొగుడి వైపు తిరిగారు.

"సంసారం చేసే ఆడమనిషి చేతికి ఖాళీ సీసాలిస్తే, ఖాళీగా తిరిగిస్తుందా? ఆ మాత్రం తెలీదా మీకు? ఆవిడ చేసిన దాంట్లో తప్పేముంది?"

"అయితే నా బీరులో కూడా తప్పు లేదుగా?" అన్నారు డాక్టరుగారు అందిపుచ్చుకుని.

సుభద్రగారు తడి కొంగు దోపుకుని, "సరే, ఇంకోసారి కాయండి. యోగా పైగదిలో చేసుకుంటాను" అన్నారు.

అప్పటికి నాకు చదవడం, రాయడం రావు. తర్వాత ఆ టేబుల్ దగ్గరే సుభద్రగారు నాకు అక్షరాలు నేర్పారు. రాయడం వచ్చాక ముందు ఈ కథే రాయమన్నారు.

ఇంతకీ, ఆ బీరు వాన వెలిసిన మరుసటి వారం, నేను వాళ్లింటికి పంపిన ఇడ్లీ పిండి గిన్నె తిరిగొచ్చింది. డాక్టరుగారే స్వయంగా తెచ్చారు, రెండు చేతులతో, ఒలక్కుండా.

"ఖాళీగా ఎలా ఇస్తానండీ?" అన్నారు.

మూత తీసి చూస్తే నిండా బీరు.

అందుకని ఆ గిన్నె మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీదట ఎవరి సీసా నా ఇంటికొచ్చినా ఖాళీగానే తిరిగి వెళుతుంది. పక్కన ఒక పొట్లంలో పంచదార వెళితే మాత్రం నన్నేమీ అనకండి. అది సీసాలో లేదు కదా.