సుందరమ్మ టీచరుగారి చెవుడు

సుందరమ్మ టీచరుగారికి చెవుడు ఒక్కరోజులో వచ్చింది. ఏలూరు డాక్టరు చూసి, చెవుల్లో దోషమేమీ లేదన్నాడు. ఆ మాట కూడా ఆవిడకి వినబడలేదు.

ఆవిడ ఊరు గుండుగొలను దాటి బాగా లోపలికి. సర్కారువాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, ఆఫీసర్లకి దారి చూపించింది మీరంటే మీరని పేటవాళ్ళూ బజారువాళ్ళూ రాళ్ళు రువ్వుకున్నారు. తలల కట్లు విప్పినా మాటలు మాత్రం కలవలేదు. రెండు వీధుల వాళ్ళకీ అక్షరాలు దిద్దించిన మనిషికి అన్నం సయిస్తుందా?

మార్చి వచ్చింది. వేసవికి కాలవ నీళ్ళు ఆపేసేలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. చెరువుకి నీళ్ళు తెచ్చే బోదె చూస్తే సగం పేటవైపు, సగం బజారువైపు పూడిపోయి ఉంది. అందరూ కలిసి తవ్వకపోతే వేసవంతా ఊరికి గుక్కెడు నీళ్ళుండవు.

పేట పెద్ద అహరోను, కిరాణా కొట్టు శ్రీరంగనాయకులు బోదెకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఏ మాటైనా మధ్యనున్న టీచరుగారికే చెబుతున్నారు.

"ఆదివారం మనుషుల్ని పంపమనండి," అన్నాడు నాయకులు.

"ఆదివారం మాకు గుడిలో ప్రార్థన ఉందని చెప్పండి టీచరుగారూ," అన్నాడు అహరోను.

ఆవిడ నాయకులు వైపు తిరిగింది. "గొడుగు తెచ్చుకోమంటున్నాడు నాయనా."

"గొడుగెందుకండీ? సరే, సోమవారం పారలు తెమ్మనండి."

"అహరోనూ, సోమవారం పూరీలు తెమ్మంటున్నాడు."

అహరోనుకి ఇక ఓపిక చాలలేదు. బోదె మీదుగా వంగి, "ఏవండీ, పూరీలేంటండీ?" అని నేరుగా నాయకులునే అడిగేశాడు.

"పారలండీ, పారలు!" అన్నాడు నాయకులు. ఆపైన తనే నవ్వేశాడు. "పోనీ, పూరీలు కూడా తెస్తాలెండి."

తెచ్చాడు. సోమవారం రెండు వీధుల మగవాళ్ళూ ఆడవాళ్ళూ బోదెలో దిగారు. పూరీలు చల్లారిపోయినా ఒక్కటి మిగల్లేదు. నాలుగోనాడు కాలవ నీళ్ళు చెరువులో పడుతుంటే ఊరంతా గట్టుమీదే ఉంది.

టీచరుగారు అందరికంటే ముందు నిలబడింది. వెనకాల నాయకులు గొంతు తగ్గించి అహరోనుని అడిగాడు.

"టీచరుగారికి ఈ చెవుడు ఎప్పటినించండీ?"

"మనం కొట్టుకున్న రోజునించేనండీ," అన్నాడు అహరోను.

సుందరమ్మకి అంతా వినబడింది. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే కళ్ళనీళ్ళు చూస్తారు మరి.