నిప్పు రాల్చని కత్తి

వీధిలో అందరూ ఆమెను కత్తులక్క అంటారు. అడిగినవాళ్ల చేతికి తగ్గట్టు కత్తి చేసి ఇవ్వడం ఆమె పని. కొత్త లోహం ఏది దొరికినా ముందు సానచక్రానికి ఆనిస్తుంది. రాలే నిప్పురవ్వలను బట్టి ఉక్కు ఏ రకమో చెబుతుంది. రవ్వలు రాని లోహం ఆమెకు ఎప్పుడూ పనికిరాలేదు.

ఆమె తమ్ముడిది రంగుల కర్మాగారంలో పని. గోతాలు కోసి, పొడిని పెట్రోలులా మండే ద్రావకం తొట్టెలో పోస్తాడు. ఒకరోజు కత్తి తొట్టె అంచుకు తగిలి రవ్వ లేచింది. తొట్టె మూతి దగ్గర మంట భగ్గుమని ఆరిపోయింది. కనుబొమలు కాలాయి. మనిషి దక్కాడు.

"ఇక ఆ పనికి పంపను వదినా" అంది మరదలు, కొట్టు గుమ్మంలో నిలబడి.

"పంపకుండా ఇంట్లో కూచోబెట్టి ఈ మొహం చూస్తూ ఉంటుందట" అన్నాడు తమ్ముడు. "అక్కా, రవ్వ రాని కత్తి చేసిపెట్టు. నాకొచ్చిన పని అదొక్కటే. సొంత కత్తి తెచ్చుకోవచ్చన్నాడు మేస్త్రి."

"రవ్వ రాదని నా కళ్లతో చూడాలి" అంది మరదలు.

తుక్కు దుకాణంలో రెండు ముక్కలు దొరికాయి. ఒకటి కంచు పలక, మెత్తనిది. రెండోది బెరిలియం కలిపిన రాగి. వంచి వదిలితే విల్లులా వెనక్కి వస్తుంది. దాన్ని చేతిలోంచి దించడానికి కత్తులక్కకు మనసు రాలేదు.

తలుపులు మూసి, కంచును చక్రానికి ఆనించింది. చీకట్లో చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ రెండోదో?" అంది మరదలు.

"అదీ రాల్చదు. గట్టిది కూడా."

"మరి దాంతోనే చేయొచ్చుగా?"

"బెరిలియం విషం. దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. అరగదీసేది నేను కదా."

"ముక్కుకి గుడ్డ కట్టుకుని..." అని మొదలుపెట్టి తమ్ముడు ఆగిపోయాడు.

"వద్దు వదినా" అంది మరదలు. "ఈయనొక్కడి కోసం భయపడేది చాలు."

కంచుతోనే చేసింది. ఆకారం కుదిరాక కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె చేతులు చేస్తున్నది అదే. తమ్ముడు గోతాం మీద ఒక్క గాటు పెట్టాడు. అంచు మడత పడిపోయింది.

"కత్తా అక్కా ఇది, కాగితమా?"

ఆమె నుదురు కొట్టుకుంది. "ఉక్కయితే గట్టిపడేది. కంచును కాల్చి ముంచితే మెత్తబడుతుంది. బుర్రకు తెలుసు, చేతులకు తెలియలేదు."

పలకలోంచి ఇంకో ముక్క కోసింది. ఈసారి నిప్పు ముట్టించలేదు. చిన్న సుత్తితో అంచు పొడవునా చల్లగానే కొట్టుకుంటూ పోయింది. గట్టిగా కొడితే పగులుతుంది. దెబ్బ దెబ్బకీ కంచు బిగుసుకుంది, చప్పుడు సన్నబడింది. కొలిమి చల్లగా ఉండటంతో, పొద్దంతా పనిచేసినా చేసినట్టనిపించలేదు ఆమెకు.

కత్తి మరదలి చేతికిచ్చింది. తలుపులు మళ్లీ మూశారు. మరదలు కొలిమి పక్కనున్న ఇనుప నీళ్లతొట్టె అంచుమీద కత్తిని రాచింది, కొట్టింది, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. తర్వాత తలుపు తెరిచి మొగుడికి అందించింది.

"వెళ్లండి."

అతను చెప్పులు వేసుకున్నాడు.

"రేపు పొద్దున! ఇప్పుడు కాదు."

అతను పనిలోకి వెళ్లిన కొద్ది రోజులకే మరదలు కత్తి పట్టుకుని ఒక్కతే వచ్చింది. "మొద్దుబారింది వదినా. మాటిమాటికీ ఇంతేనా?"

"ఇంతే. కంచు కదా."

"అయితే ఆ సుత్తిపని నాకు నేర్పండి. అంచు నేనే చూసి పంపితే నాకు నిద్ర పడుతుంది."

కత్తులక్క లేచి తన ముక్కాలిపీట ఆమెకు జరిపింది. మొదటి దెబ్బ దిమ్మె అదిరేలా పడింది.

"మెల్లగా తల్లీ. అది నీ మొగుడి వీపు కాదు."

మరదలు నవ్వు ఆపుకోలేక సుత్తి దించింది. కొంగు నడుముకు దోపుకుని మళ్లీ ఎత్తింది. ఈసారి దెబ్బ తేలిగ్గా, సరిగ్గా అంచుమీద పడింది.