రోకలి చప్పుడు మాటున

గజపతినగరంలో మా పిన్ని పోయిందని ఈమధ్య బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. జ్వరమట. ఇంకా నలభై నిండలేదు.

మీరెవరూ ఆమెను చూసుండరు. పెళ్ళయ్యాక ఆ ఇంటి గడప దాటింది తక్కువ. అయినా మా పిన్ని టేబుల్ టెన్నిస్ ఆడేది. నవ్వకండి, నిజంగానే ఆడేది!

మిషన్ స్కూల్లో దొరసాని టీచరు నేర్పిందట. వాళ్ళ దేశంలో భోజనాలయ్యాక అన్నం బల్ల మీదే, మధ్యలో పుస్తకాలు వరసగా నిలబెట్టి, బెండు బంతితో మొదలెట్టారట ఈ ఆట. తర్వాత బెండు పోయి సెల్యులాయిడ్ బంతి వచ్చింది. తోలు బిగించిన బ్యాటు పోయి బొడిపెల రబ్బరు బ్యాటు వచ్చింది. ఈ కథంతా చెప్పి పిన్ని ఎప్పుడూ ఒకే మాటనేది: "అన్నం బల్ల మీద పుట్టిన ఆటే ఇది. ఇంట్లో ఆడితే తప్పేటి సెప్పు?"

తప్పే, వాళ్ళ మావగారి లెక్కలో. "మళ్ళీ ఆ టకటకలు నా సెవిన పడితే బ్యాటు పొయ్యిలో ఎట్టెస్తాను" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. అప్పటినుంచి పెరట్లో ఆడకూలీలు వడ్లు దంపుతున్నప్పుడే, వెనక గదిలో బల్లను గోడకు జరిపి, గోడతో ఆడుకునేది. రోకలి ఆగిందంటే బంతిని గుప్పిట్లో పట్టేసి ఊపిరి బిగబట్టేది. బంతి నొక్కుపడితే మరిగే ఎసట్లో వేసేది. ఉబ్బి మళ్ళీ గుండ్రంగా అయ్యేది. "మనకీ ఇలాటి ఎసరేదైనా ఉంటే బాగుణ్ణే" అని నవ్వేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఊళ్ళోకి బియ్యం మిల్లు వచ్చినా ఆ ఇంట్లో దంపుడు మానలేదు. మిల్లు బియ్యం రుచుండవని పిన్ని అత్తగారి పట్టు.

పోయినేడు విశాఖపట్నం నుంచి స్పాంజి బ్యాటు తెచ్చిచ్చాను. జపాను వాళ్ళు ఆడి గెలిచిన రకం, చప్పుడు బాగా తక్కువ. ఇక భయం లేకుండా ఆడుకుంటుందని నా ఆశ. నాలుగు దెబ్బలు కొట్టి తిరిగిచ్చేసింది.

"వొద్దే తల్లీ. నా సప్పుడు నాకైనా ఇనబడాలి కదేటి. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే."

పిన్ని పదోరోజుకి వెళ్ళాను. వెనక గదిలో బంతి తగిలి తగిలి సున్నం రాలిపోయిన గోడ అలాగే ఉంది. పిన్ని అత్తగారు పెరట్లో రోటి దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి గొంతు తగ్గించింది.

"మిల్లు బియ్యం బాగానే ఉంటాయే. మీ పిన్ని ఆడుకుంటాదని, మా ముసిలాయన సెవిన పడకూడదని దంపించేదాన్ని. దానికి సెప్పనేదు. సెప్తే బెదిరి మానేస్తాదేమోనని..."

ఆవిడ లేచి రోకలి అందుకుంది. వడ్లు లేని రోట్లో ఒక్క పోటు వేసి, వెనక గది వైపు చెవి ఒగ్గి నిలబడింది.